గెడ చేతులు మారిన రోజు

దెల్ఫినా పొద్దున్నే మామిడిపళ్ళు పిసకడానికి కూర్చుందంటే ఆ రోజు ఊళ్ళో సగం ఇళ్ళలో కూర వండరు. ఎవరింట్లోనో పెళ్ళో, బాప్తిస్మమో, ఓడ మీద పనికి వెళ్ళినవాడు తిరిగి రావడమో అయి ఉంటుంది. పిలుపు అందినవాళ్ళు స్నానం చేసి తయారవుతారు. అందనివాళ్ళు కూడా స్నానం చేసి తయారవుతారు, ఎందుకైనా మంచిదని.

మా గీమరాస్ దీవిలో మామిడిపళ్ళకి కొదవ లేదు. కానీ విందుల్లో నిప్పుల మీద కాల్చే పంది తోలు మీద పూయడానికి దెల్ఫినా ఏరుకునే పళ్ళు వేరు. చెట్టున పండి, ఇంకో పూట ఆగితే పాడైపోతాయనిపించేవి కావాలి ఆమెకి. వాటి గుజ్జు తీసి, పుల్లటి బత్వాన్ కాయలు ఉడకబెట్టి మెదిపి అందులో కలిపి, నల్లబెల్లం, చిటికెడు ఉప్పు, దంచిన అల్లం వేసి మూకుట్లో కాస్తుంది. గరిటె వెనక వేలితో గీత గీస్తే ఆ గీత మూసుకోకూడదు. అప్పుడు దించుతుంది. ఆ వాసన పడవల రేవు దాకా వెళ్తుంది. పక్కింటి పిల్లలకి జ్వరం వచ్చినా ఆ వాసనకి లేచి కూర్చుంటారు.

ఆ పూత పంది మీదికి ముందే ఎక్కకూడదు. ఎక్కితే బెల్లం మాడి నల్లబడుతుంది. తోలు ఎర్రబడి, గోటితో కొడితే గలగలమన్నాకే పల్చగా ఒక పూత, అది ఆరాక ఇంకో పూత. తోలు ఎక్కడైనా పగిలితే దెల్ఫినా దాన్ని పగిలినట్టే ఇస్తుంది. అవతలి ఒడ్డు వంటవాళ్ళు పగులు మీద చిక్కగా పూసి కప్పేస్తారట. ఆ మాట ఎవరైనా ఎత్తితే ఆమె ఉమ్మేసి, మళ్ళీ పనిలో పడుతుంది. ఒకసారి ఊరిపెద్ద కూతురి సంబంధానికి కాల్చిన పందికి వీపు మీద వేలెడు పగులు వచ్చింది. కొంచెం పూసెయ్యమని ఆయన బతిమాలాడు. దెల్ఫినా పుయ్యలేదు. ఆ పగులు చూసి సంబంధం కోతల దాకా వాయిదా వేశారు. ఊరిపెద్ద ఇప్పటికీ ఆమెని దారిలో చూస్తే టోపీ సర్దుకున్నట్టు నటిస్తాడు. ఆయనకి టోపీ లేదు.

కాల్చే చోటు ఆమె ఇంటి వెనక, పనసచెట్టు పక్కన. రెండు పంగల కర్రలు, వాటి మీద పొడుగాటి వెదురు గెడ, గెడకి ఒక చివర తిప్పడానికి అడ్డకర్ర. పంది కడుపులో నిమ్మగడ్డి, చింతచిగురు, వెల్లుల్లి కుక్కి కుట్టేస్తారు. నిప్పులు పొట్ట కింద కాకుండా రెండు పక్కలా పరుస్తారు. ఆ రోజుల్లో అంతా అయ్యాక దెల్ఫినా చేతులు తుడుచుకుని, అడ్డకర్ర వైపు చూసి, “సరే, కానియ్” అనేది. గెడ దానంతట అది తిరగడం మొదలుపెట్టేది.

పట్నం నుంచి వచ్చిన చుట్టాలు అప్పుడప్పుడు అడిగేవాళ్ళు, ఎవరు తిప్పుతున్నారని. ఉల్లిపాయలు తరిగేవాళ్ళు తలెత్తకుండానే “వాళ్ళాయన” అనేవాళ్ళు. తరగడం ఆపేవాళ్ళు కాదు.

వాళ్ళాయన బాల్బినో పోయి చాలా ఏళ్ళయింది. బతికున్నప్పుడు భారీ మనిషి. మాట తక్కువ. కూర్చుంటే బల్ల మూలిగేది. పందిని తిప్పడంలో మాత్రం అతనంతటివాడు దీవిలో లేడు. దెల్ఫినా నిమ్మగడ్డి కుంచె పట్టుకుని దగ్గరికి వస్తే, ఆమె అడక్కుండానే గెడ ఆపి, పూయాల్సిన పక్కని ఆమె వైపు ఒంచేవాడు. పోయాక కూడా అంతే. ఆమె కుంచె ముంచగానే గెడ ఆగేది, పంది ఆమె వైపు ఒరిగేది, పూత అయ్యాక మళ్ళీ తిరిగేది. ఆమె ఎవరినైనా తిడితే గెడ జోరందుకునేది. అప్పుడు కొవ్వు చుక్కలు ఎగిరి పడేవి. ఎక్కువగా ఊరిపెద్ద లాగు మీదే పడేవి. అది యాదృచ్ఛికమని ఆయన అంటాడు.

ఆ నిప్పుల గుంట దగ్గర ఒక పద్ధతి ఉంది. దెల్ఫినా తాతల నాటిది. అడ్డకర్ర పట్టుకున్నవాడు దాన్ని ఉత్తినే వదలకూడదు. రెండోవాడు వచ్చి, చెయ్యేసి, “ఇక నేను పట్టుకుంటా” అని పైకి అనాలి. అప్పుడే మొదటివాడు లేచి పనసచెట్టు కింది బల్ల మీద కూర్చుంటాడు. కల్లు తాగినా, ఏదైనా తిన్నా అక్కడే. గెడ చేతిలో ఉండగా మెతుకు ముట్టకూడదు. చివరికి పందిని దించాక, అందరికంటే ఎక్కువసేపు తిప్పినవాడికి తోక. కరకరలాడే ఆ తోక కోసం మా ఊళ్ళో అన్నదమ్ములు మాటలు మానేసిన సందర్భాలున్నాయి.

బాల్బినో పోయింది కూడా అక్కడే, ఊరి పండగ నాడు, ఎండ మండిపోతుండగా. మోకాళ్ళ మీదికి జారి, పక్కకి ఒరిగి, నిద్రపోయినట్టు పడుకున్నాడు. ఒకరు ఫాదర్ కోసం పరిగెత్తారు, ఒకరు వెనిగర్ కోసం, ఇంకొకరు ఎందుకో నిచ్చెన కోసం. ఆ గందరగోళంలో గెడ తిరుగుతూనే ఉంది. అలాంటప్పుడు గెడ సంగతి ఎవరు మాట్లాడతారు? పంది దిగాక చూస్తే, అంత చక్కటి తోలు అంతకు ముందెన్నడూ రాలేదు. ఏడుస్తూనే తిన్నాం.

తర్వాత కొన్నాళ్ళకి ఎవరింట్లోనో బాప్తిస్మం వచ్చింది. దెల్ఫినా గెడని పంగల మీద పెట్టి, తిప్పడానికి ఎవర్ని పిలవాలా అని వెనక్కి తిరిగింది. గెడ మొదలైంది. ఆమె కాసేపు అలాగే నిలబడి, మణికట్టుతో కళ్ళు ఒత్తుకుని, మామిడి మూకుడు తేవడానికి లోపలికి వెళ్ళింది. ఈ విషయం మీద ఊళ్ళో జరిగిన చర్చ అంతే.

అప్పట్నుంచీ ఆ అడ్డకర్రని ఎవరూ ముట్టలేదు. చనిపోయిన మనిషి పని చేసుకుంటుంటే మధ్యలో చెయ్యి పెట్టడం మర్యాద కాదని మావాళ్ళ ఉద్దేశం. మర్యాదతో పాటు బద్ధకం కూడా ఉందని గిట్టనివాళ్ళు అంటారు. దెల్ఫినా మాత్రం ప్రతిసారీ తోక కోసి, అరిటాకులో పెట్టి బల్ల మీద ఉంచేది. అది సాయంత్రం దాకా అలాగే ఉండేది. చీకటి పడే వేళకి మా కుక్క వెళ్ళి తినేసేది. ఆ తోకలు తిని అది ఎంత బలిసిందంటే, దొంగలొస్తే లేవడానికి బదులు తల తిప్పి చూసేది.

ఈలోగా దెల్ఫినాని పెళ్ళి చేసుకుంటామని ఇద్దరొచ్చారు. బడి పంతులొకడు, మామిడితోటలు గుత్తకి తీసుకునేవాడొకడు. ఇద్దరికీ ఒకే జవాబు చెప్పింది. ఆయన వెనక వాకిట్లో పని చేస్తుంటే నేను ముందు వాకిట్లో పెళ్ళికూతురిలా ఎలా కూర్చోను, అని. ఫాదర్ పిలిచి నచ్చజెప్పి చూశాడు. మరణంతో బంధం తీరిపోతుందమ్మా అన్నాడు.

“తీరిపోతుంది ఫాదర్, కాదనను. పని తీరలేదు కదా,” అంది దెల్ఫినా.

ఫాదర్ ఆ మధ్యాహ్నం ఆమె కాల్చిన పందిమాంసమే తినొచ్చాడు. ఇంకేం మాట్లాడతాడు.

అప్పుడు వచ్చాడు హెర్మో. అవతలి ఒడ్డున ఇలోయిలోకీ మా రేవుకీ మధ్య పడవ నడిపేవాడు. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని అడిగితే అతను చెప్పడం మొదలుపెట్టేలోపు పడవ ఒడ్డు చేరేది, జనం దిగిపోయేవాళ్ళు. దెల్ఫినా బెల్లం బస్తా కోసం పట్నం వెళ్తే, ఆ బస్తా తడవకుండా తన చొక్కా విప్పి కప్పేవాడు. తను తడిసేవాడు. బెల్లం సంగతి సరే, దెల్ఫినా ఈ మధ్య ఉప్పు కొనడానికి కూడా పట్నమే వెళ్తోందనీ, వెళ్ళేటప్పుడు ఎత్తు చెప్పులేసుకుంటోందనీ ఊరంతా గమనించింది. ఉప్పు మా ఊళ్ళోనే వండుతారు.

సంబంధం అడగడానికి మా వైపు ఉత్త చేతులతో రాకూడదు. మగపెళ్ళివాళ్ళు కాల్చిన పందిని మోసుకుని ఆడపిల్ల గుమ్మంలోకి రావాలి. ఆడపెళ్ళివాళ్ళ తరఫు పెద్ద ఆ తోలు చూస్తుంది. నిండుగా ఉంటే మాట ముందుకి సాగుతుంది. పగులుంటే కోతల తర్వాత రమ్మంటారు. కోతల తర్వాత మళ్ళీ వచ్చినవాళ్ళు తక్కువ. వెనకటి నుంచీ అంతే. వితంతువైనా అంతే. అయితే ఈ చుట్టుపక్కల పంది కాల్చేది దెల్ఫినా ఒక్కతే.

హెర్మో తన అక్క తెర్సింగ్‌ని వెంటపెట్టుకుని వచ్చాడు.

“పంది కాల్చాలి,” అన్నాడు.

“ఎవరింటికి?” అంది దెల్ఫినా, వాళ్ళ వైపు చూడకుండా.

హెర్మో సముద్రం వైపు తిరిగాడు. సముద్రమేమీ సాయం చెయ్యలేదు. తెర్సింగ్ తమ్ముడి కోసం ఓపిగ్గా ఆగి ఆగి, చివరికి తనే, చెల్లెల్ని పిలిచినట్టు పిలిచి చెప్పింది. “ఈ ఇంటికే, ఇందాయ్. వెనక వాకిట్లోంచి ముందు వాకిట్లోకి. మోసేవాళ్ళకి శ్రమ ఉండదు.”

దెల్ఫినా చేతిలో బత్వాన్ కాయ జారి కింద పడింది. తీసి కడిగింది. కడిగినదాన్నే మళ్ళీ కడిగింది.

“కాలుస్తా. అది నా పని,” అంది. “మిగతాదానికి ఒప్పుకున్నట్టు కాదు. ఆయన ఉన్నాడు కదా.”

“ఉన్నాడు,” అన్నాడు హెర్మో. కాదనలేదు, తల వంచుకోలేదు. అతని మీద నాకు మొదటిసారి కొంచెం మంచి అభిప్రాయం కలిగింది అప్పుడే.

ఇక ఊళ్ళో ఒకటే గోల. తన పెళ్ళాం సంబంధానికి తనే పంది తిప్పుతాడా, తిప్పడా? తిప్పడని కోడిపుంజుల్ని పందెం కాశారు. గెడ మధ్యలో ఆపేస్తాడని కొందరు, జోరుగా తిప్పి పందిని పక్కూళ్ళో పడేస్తాడని కొందరు. ఊరిపెద్ద ముందు రోజే వచ్చి, అడ్డకర్రకి ఎదురుగా నిలబడి, శాంతి సామరస్యాల గురించి ప్రసంగించి వెళ్ళాడు. గెడ మీద పంది కూడా లేదు అప్పుడు.

ఆ రోజు వచ్చింది. కంచె పొడుగునా జనం. దెల్ఫినా ఎవరినీ పలకరించలేదు. కడుపు కుట్టింది, నిప్పులు పరిచింది, చేతులు తుడుచుకుంది. “సరే, కానియ్” అనే మాట ఆమె నోట్లోంచి రావడానికి చాలాసేపు పట్టింది.

గెడ తిరిగింది. ఎప్పటిలాగే, ఒకే తీరున, తొందర లేకుండా. తోలు ముందు పసుపు రంగుకి, తర్వాత ఎరుపుకి తిరిగింది. చూస్తున్నవాళ్ళు కొంచెం నిరాశపడ్డారు. కోళ్ళు చేతులు మారాయి.

దెల్ఫినా మొహం మాత్రం పొద్దెక్కుతున్నకొద్దీ వాడిపోయింది. తోలు గలగలమనగానే కుంచె ముంచింది. గెడ ఆగి, పంది ఆమె వైపు మెల్లగా ఒరిగింది. చంటిపిల్లవాడి తల పట్టుకున్నంత జాగ్రత్తగా. ఆమె మొదటి పూత పూసింది. మామిడి పూత చుక్క నిప్పుల్లో పడి చుయ్యిమంది.

ఆమె హెర్మో దగ్గరికి వచ్చి, అందరూ వింటారని తెలిసీ, అంది. “చూశావుగా. ఆయనకి తెలుసు ఇది ఎందుకో. తెలిసీ తిప్పుతున్నాడు. ఇలాంటి మనిషిని అక్కడ వదిలేసి నేను నీకు అవునని ఎలా చెప్పను? పంది బాగానే వస్తుంది. తీసుకెళ్ళు. నా జవాబు మాత్రం కాదనే.”

తెర్సింగ్ ఏడుపు మొదలుపెట్టింది. హెర్మో గెడ వైపు చూస్తూ నిలబడ్డాడు. పడవ నడిపేవాళ్ళు నీళ్ళని చూసినట్టు చూశాడు. అతను ఏదో చెప్పబోతున్నాడని అందరికీ తెలిసింది, అంతసేపూ ఎవరూ కదల్లేదు.

“ఈయన్ని మార్చింది ఎవరు?” అన్నాడు.

“మార్చడమేంటి?” అంది దెల్ఫినా.

“ఆ రోజు. ఈయన పడిపోయినప్పుడు, గెడ ఎవరు పట్టుకున్నారు?”

కంచె దగ్గర ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫాదర్ కోసం పరిగెత్తినవాడు ఫాదర్ కోసం పరిగెత్తానని చెప్పాడు. వెనిగర్ తెచ్చినామె వెనిగర్ సంగతి చెప్పింది. నిచ్చెనవాడు ఏమీ చెప్పలేదు.

“ఎవరూ పట్టుకోలేదు,” అంది దెల్ఫినా.

“ఇక నేను పట్టుకుంటా అని ఎవరూ అనలేదా?”

దెల్ఫినా చెయ్యి నోటి మీదికి వెళ్ళింది.

హెర్మో తొట్టి దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు. చొక్కాకి తుడుచుకున్నాడు. గుంట దగ్గరికి వచ్చి, చుట్టూ తిరిగి, అడ్డకర్ర పక్కన ఒక మనిషికి సరిపడా చోటు వదిలి నిలబడ్డాడు. తర్వాత దాని మీద చెయ్యి వేశాడు.

“మనోంగ్ బాల్బినో,” అన్నాడు, సొంత అన్నని పిలిచినట్టు. “చాలాసేపు తిప్పావు. ఇక నేను పట్టుకుంటా.”

గెడ ఆగింది. ఆ తర్వాత పంది బరువంతా ఒక్కసారిగా హెర్మో చేతుల్లోకి వచ్చి పడింది. అతను తూలాడు. గెడ గిరుక్కున సగం చుట్టు తిరిగింది. అతను కాళ్ళు ఎడం చేసి, పళ్ళు కరిచి, పట్టుకున్నాడు.

అప్పుడు పనసచెట్టు కింద బల్ల మూలిగింది. గట్టిగా, చాలాసేపు. భారీ మనిషి కూర్చున్నట్టు.

ఎవరూ అటు చూడలేదు. మా ఊళ్ళో మర్యాద తెలియనివాళ్ళు లేరు. దెల్ఫినా ఒక్కతే చూసింది. చూసి, లోపలికి వెళ్ళి, కొబ్బరికల్లు కుండ తెచ్చి, నిండుగా ఒక చిప్పలో పోసి బల్ల మీద పెట్టింది. అప్పుడు ఏడవలేదు. కుంచె ముంచడానికి ఒంగినప్పుడు, మూకుట్లోకి మొహం దించి, అక్కడ ఏడ్చింది. పూత ఆ రోజు కొంచెం ఉప్పగా ఉందన్నవాళ్ళున్నారు.

హెర్మోకి తిప్పడం రాదు. పడవ చుక్కానిలా అటూ ఇటూ లాగుతున్నాడు.

“అలా కాదు,” అంది దెల్ఫినా వెనక నుంచి. “ఒకే వైపు. లాగకు. దాని బరువుతో దాన్నే తిరగనియ్యి. నేను కుంచె ముంచితే ఆపు.”

“ఎటు ఒంచాలి?”

“నా వైపు.”

అతను ఆమె వైపు ఒంచాడు. మరీ ఎక్కువగా ఒంచాడు. ఠప్పుమని శబ్దం వచ్చింది. భుజం దగ్గర తోలు పగిలింది. వేలెడు పగులు, కంచె దగ్గర నుంచి చూసినా కనిపించేంత. ఊరిపెద్ద మెడ చాచి చూసి, కోతల దాకా, అని మెల్లగా అన్నాడు. ఎన్నో ఏళ్ళకి ఆయన మొహంలో శాంతి కనిపించింది.

హెర్మో చేతులు ఆగిపోయాయి. మొహం నిప్పులకి ఎదురుగా ఉన్నా తెల్లబోయింది. “పాడుచేశాను,” అన్నాడు.

దెల్ఫినా పగులు వైపు చూసింది. బల్ల వైపు చూసింది. కుంచెని మూకుట్లో అడుగుదాకా ముంచి, కారుతుండగానే తీసి, పగులు మీద చిక్కగా పూసింది. దాని మీద ఇంకోసారి పూసింది. అంచులు కనిపించకుండా, ఊరంతా చూస్తుండగా, తాపీగా కప్పేసింది.

“తిప్పు,” అంది. “ఆపితే మాడుతుంది.”

పందిని దించాక దెల్ఫినా తోక కోసి, అరిటాకులో పెట్టి, బల్ల మీద కల్లుచిప్ప పక్కన ఉంచింది. మాకు తోక లేని పందిని మోసుకెళ్ళడం తప్పు కాదు, తోక ఉంటేనే తిప్పినవాడికి అన్యాయం చేశారని అడుగుతారు. సంబంధం అడిగే పంది వీధిలోంచి రావాలి కాబట్టి వెనక వాకిట్లోంచి తీసి, ఊరంతా చుట్టి, ముందు వాకిట్లోకి తెచ్చారు. దెల్ఫినా పరిగెత్తుకుంటూ ఇంట్లోంచే ముందుకి వచ్చి, చేతులకి అంటిన మసి కడుక్కోకుండానే, ఎవరొచ్చారో తెలియనట్టు గుమ్మంలో కూర్చుంది.

ఆడపెళ్ళివాళ్ళ తరఫు పెద్ద ఆమె మేనత్త ఉర్సులా. ముసలామెకి చూపు చురుకు, నాలుక ఇంకా చురుకు. పంది చుట్టూ ఒకసారి తిరిగింది. వేలి కణుపుతో వీపు మీద కొట్టింది, పక్క మీద కొట్టింది. భుజం దగ్గరికి వచ్చేసరికి వేలు పూతలో దిగబడింది. ఆమె వేలు తీసి, చూసుకుని, నోట్లో పెట్టుకుంది. మేనకోడలి మసిచేతుల వైపు చూసింది. హెర్మో బొబ్బలెక్కిన అరచేతుల వైపు చూసింది.

“తోలు నిక్షేపంలా ఉంది,” అంది. “కత్తి తెండి.”

ఆ తర్వాత గెడ దానంతట అది ఎప్పుడూ తిరగలేదు. హెర్మో తిప్పుతాడు. ఇప్పటికీ కొంచెం ఎక్కువే ఒంచుతాడు, దెల్ఫినా తిడుతుంది, అతను ఏదో చెప్పబోతాడు, ఈలోగా పంది కాలడం అయిపోతుంది. ఊళ్ళో మగవాళ్ళు కూడా వంతులకి వస్తున్నారు. నీళ్ళు తాగడానికి పక్కకి వెళ్ళినా సరే, “ఇక నేను పట్టుకుంటా” అన్న మాట పక్క వీధికి వినిపించేలా అరుస్తారు. ఒకరన్నది వినపడలేదేమోనని ఇంకొకరు కూడా అంటారు. బాల్బినోని ఎవరూ మార్చలేదన్న సంగతి తనకి ముందే తట్టిందని ఇప్పుడు ప్రతివాడూ చెప్తాడు. ఊరిపెద్ద అయితే ఆ రోజు ప్రసంగంలో ఆ మాటే చెప్పానంటాడు.

సంబంధం కుదిరిన ఆ సాయంత్రం మాత్రం అందరూ ముందు వాకిట్లో తింటూ ఉన్నారు. వెనక నిప్పులు చల్లారుతున్నాయి. చీకటి పడే వేళకి మా కుక్క అలవాటు ప్రకారం లేచి, ఒళ్ళు విరుచుకుని, పనసచెట్టు కిందికి నడిచింది. బల్ల మీద కాళ్ళు పెట్టి లేచింది. అరిటాకు ఉంది. పక్కన చిప్ప ఖాళీగా ఉంది. ఆకు మీద ఎముక కూడా లేదు, మామిడి పూత మరక మాత్రం వేలితో తుడిచినట్టు ఉంది.

కుక్క ఆ ఆకుని చాలాసేపు వాసన చూసింది. తర్వాత నా వైపు తిరిగి, నేనే తిన్నానన్నట్టు చూసింది.